తక్కువ ధరలో ఆటోమేటిక్ డైవ్ వాచీ: కొనేముందు అందరూ అడిగేవి, ఎవరూ అడగనివి

ఆఫీసు లిఫ్టులోనో, పెళ్ళి భోజనాల దగ్గరో ఎవరో ఒకరు నా మణికట్టు వైపు చూసి "అన్నా, సెల్లు లేకుండా నడుస్తుందంట కదా, ఎంతేంటి?" అని మొదలుపెడతారు. అక్కణ్ణుంచి అవే పది పదిహేను ప్రశ్నలు. ప్రతిసారీ నోటితో చెప్పే ఓపిక లేక ఒకసారి రాసి పెట్టేస్తున్నాను. ఇక్కడ "తక్కువ ధర" అంటే నా లెక్కలో 30 వేల లోపు. మా అమ్మ లెక్కలో అది తక్కువ ధర కాదు, పిచ్చి.

అసలు డైవ్ వాచీ అంటే ఏంటి? మామూలు వాచీకీ దీనికీ తేడా ఎక్కడ?

నీళ్ళలోకి దిగేవాడి కోసం పుట్టిన వాచీ. 1953 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌లో బ్లాంక్‌పాన్ వాళ్ళ ఫిఫ్టీ ఫాథమ్స్, రోలెక్స్ వాళ్ళ సబ్‌మెరైనర్ వచ్చాయి. ఇప్పటికీ మనం చూసే రూపం దాదాపు వాటిదే: చుట్టూ తిరిగే రింగు (దాన్ని బెజెల్ అంటారు), చీకట్లో మెరిసే పెద్ద గుర్తులు, స్క్రూలా బిగించే కీ, మందపాటి స్టీలు ఒళ్ళు. సీకో 1965లో తన మొదటి డైవర్ (డైవ్ వాచీని అలా కూడా అంటారు) తెచ్చింది, అది 150 మీటర్లది. సామాన్యుడు కొనగలిగే డైవర్లంటే అప్పట్నుంచీ ఎక్కువగా జపాన్ వాళ్ళవే.

దీనికి ఐఎస్‌ఓ 6425 అని ఒక ప్రమాణం ఉంది. అందులో ముచ్చటైన సంగతులు ఉన్నాయి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి. వాచీ నడుస్తోందని కూడా చీకట్లోనే తెలియాలి, అందుకే సెకన్ల ముల్లు మీద కూడా ఒక మెరిసే చుక్క ఉంటుంది. ఉప్పు నీళ్ళలో 24 గంటలు పడేసి చూడాలి. రాసిన లోతుకి పావు వంతు ఎక్కువ ప్రెజర్ పెట్టి పరీక్షించాలి, అదీ శాంపిల్‌గా నాలుగు వాచీలకి కాదు, ప్రతి వాచీకీ. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మామూలు వాటర్ రెసిస్టెంట్ వాచీలకి వర్తించే ఐఎస్‌ఓ 22810లో శాంపిల్ పరీక్ష సరిపోతుంది.

ఆ ప్రమాణం పాటించిన వాచీ డయల్ మీద "డైవర్స్ 200ఎం" అని ఉంటుంది. "వాటర్ రెసిస్ట్ 200ఎం" అని మాత్రమే ఉంటే అది డైవర్‌లా కనిపించే గట్టి వాచీ. అంతమాత్రాన పనికిరాదని కాదు, రెండూ ఒకటి కాదని తెలిసి కొనండి, చాలు.

200 మీటర్లని ఉంది కాబట్టి 200 మీటర్ల లోతుకి దిగొచ్చా?

మీరు దిగరండీ. ఋషికొండలోనో అండమాన్‌లోనో ఈత కూడా రానివాళ్ళకి చేయించే పరిచయపు డైవ్‌లో 12 మీటర్లు దాటనివ్వరు. నేర్చుకుని మొదటి సర్టిఫికెట్ తెచ్చుకున్నాక 18 మీటర్లు. సరదా డైవింగ్‌కి అందరూ ఒప్పుకునే చివరి గీత 40. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ ఒక బార్ చొప్పున ప్రెజర్ పెరుగుతుంది, 200 మీటర్లంటే 20 బార్. కాబట్టి అంకె పరంగా మీ దగ్గర కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువే ఉంది.

అసలు తిరకాసు అంకెలో లేదు. ఆ అంకె వాచీ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజుది. నీళ్ళని ఆపుతున్నది స్టీలు కాదు, వెనక మూత కింద, కీ లోపల, అద్దం చుట్టూ ఉండే సన్నని రబ్బరు రింగులు. రబ్బరు ఎండుతుంది, గట్టిపడుతుంది, పగులుతుంది. పదేళ్ళ నాటి 200 మీటర్ల వాచీ కంటే నిన్న కొన్న 50 మీటర్ల వాచీనే నేను ధైర్యంగా నీళ్ళలో ముంచుతాను.

ఈత కొట్టేటప్పుడు చెయ్యి విసిరితే ప్రెజర్ పెరిగిపోతుంది, అందుకే 30 మీటర్ల వాచీతో ఈదకూడదంటారు. నిజమేనా?

ముందు సగం కథ, వెనక సగం నిజం. లెక్క వేసి చూడండి. నీళ్ళలో చెయ్యి సెకనుకి 5 మీటర్ల వేగంతో కదిలిందనుకుందాం, ఇది మామూలు మనిషికి చాలా ఎక్కువ. దానివల్ల పెరిగే ప్రెజర్ 0.125 బార్, అంటే ఒకటింబావు మీటరు లోతుకి సమానం. పది మీటర్ల వేగం అనుకున్నా 5 మీటర్ల లోతే. చెయ్యి విసిరినంత మాత్రాన 30 మీటర్లు దాటదు.

మరి ఎందుకు వద్దంటారు? కీ స్క్రూతో బిగించేది కాదు, పొరపాటున కొంచెం బయటికి వచ్చి ఉండొచ్చు. మీ చేతిలో ఉన్న ఆ వాచీనే పరీక్షించారన్న గ్యారంటీ లేదు. రబ్బరు వయసు ఎంతో మీకు తెలియదు. ఈ మూడింటివల్ల వద్దంటారు. ఈతకి 100 మీటర్లు, స్క్రూ కీ ఉంటే ఇంకా మంచిది, అంతే.

స్నానం చేసేటప్పుడు తీయాలా?

చన్నీళ్ళయితే మీ ఇష్టం. వేణ్ణీళ్ళు, సబ్బు, షాంపూ రబ్బరుకి మంచివి కావు, పైగా వేడి తగిలి వెంటనే చల్లబడితే లోపలి గాలి సంకోచించి బయటి తేమని పీల్చుకోవాలని చూస్తుంది. నేను తీసేస్తాను. సముద్రంలో దిగితే మాత్రం ఇంటికొచ్చాక మంచినీళ్ళ కుళాయి కింద కడగండి, కడిగేటప్పుడు బెజెల్‌ని ఒకటి రెండు చుట్లు తిప్పండి. దాని కింద ఉప్పు, ఇసుక కూర్చుంటే నెల తిరక్కుండా తిరగడం మానేస్తుంది. వైజాగ్‌లో ఉండేవాళ్ళకి సముద్రంలో దిగకపోయినా ఈ బాధ ఉంటుంది, గాలే ఉప్పు.

ఆటోమేటిక్ అంటే కీ ఇవ్వక్కర్లేదా?

మా నాన్న హెచ్‌ఎంటీకి పొద్దున్నే పేపరు చదువుతూ కీ ఇచ్చేవారు, ఆ కర్ర్ కర్ర్ చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది. ఇందులో ఆ పని మీ చెయ్యి చేస్తుంది. లోపల అర్ధచంద్రాకారపు బరువు ఒకటి ఉంటుంది, చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగుని చుడుతుంది. పూర్తిగా చుట్టాక తీసి పక్కన పెడితే ఈ ధర వాచీలు సుమారు 40 గంటలు నడుస్తాయి. శుక్రవారం రాత్రి తీసి పెడితే ఆదివారం మధ్యాహ్నానికి ఆగిపోయి ఉంటుంది. పాడవలేదు, ఆకలేసింది.

ఆగిన వాచీని గలగలా ఊపి లేపకండి. కీ విప్పి ఓ ఇరవై ముప్ఫై చుట్లు తిప్పండి, తర్వాత టైము పెట్టుకుని మళ్ళీ బిగించండి. పాత సీకో వాచీల్లో ఉండే 7ఎస్26 ఇంజన్‌కి (లోపలి యంత్రాన్నే ఇంజన్ అంటున్నాను) చేత్తో కీ ఇచ్చే వీలు లేదు, దాన్ని మాత్రం ఊపాల్సిందే.

ఇంకో జాగ్రత్త: రాత్రి 9 నుంచి తెల్లారి 4 వరకు తేదీని త్వరగా మార్చే పని పెట్టుకోవద్దు. ఆ సమయంలో లోపలి పళ్ళు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ముళ్ళని ముందు 6 దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ మార్చండి.

రోజుకి 15 సెకన్లు ముందుకి పోతోంది. వెనక్కి ఇచ్చేయాలా?

వద్దు. మూడు వేల రూపాయల సెల్లు వాచీ దీనికంటే కచ్చితంగా టైము చూపిస్తుంది, అది ముందే ఒప్పేసుకుందాం. సీకో కంపెనీ ఇతరులకి అమ్మే ఎన్‌హెచ్35 ఇంజన్‌కి వాళ్ళు చెప్పే హద్దు రోజుకి 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు వరకు. సీకో సొంత వాచీల్లో వాడే 4ఆర్36కి 35 వెనక, 45 ముందు. ఓరియంట్ ఎఫ్6922కి 15 వెనక, 25 ముందు. నిజానికి చాలా వాచీలు వీటికంటే బాగానే నడుస్తాయి, కానీ గ్యారంటీ మాట్లాడేది ఆ హద్దు గురించే.

కాస్త దాని వైపు నుంచి కూడా ఆలోచించండి. రోజుకి 86,400 సెకన్లు. 20 సెకన్ల తేడా అంటే లక్షకి 23. జుట్టంత స్ప్రింగు, దాని మీద ఊగే చక్రం, గంటకి 21,600 సార్లు టిక్కుమంటూ, మీరు మెట్లెక్కినా దోసె తిప్పినా ఆ మాత్రం లెక్క తప్పకుండా నడుస్తోంది. నాకైతే అది అద్భుతం. మీకు కాకపోతే సెల్లు వాచీ కొనుక్కోండి, తప్పేం లేదు.

చూసే పద్ధతి ఇది. ఫోను టైముకి సరిచేసి, రోజూ అదే గంటకి తేడా రాసుకుంటూ వారం చూడండి, ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకండి. రాత్రి ఎలా పడుకోబెడతారన్న దాన్నిబట్టి కూడా మారుతుంది. నాది డయల్ పైకి పెట్టి పడుకోబెడితే నాలుగు సెకన్లు కలుస్తాయి, కీ కిందికి ఉండేలా నిలబెడితే రెండు తగ్గుతాయి. ఇది తెలిశాక పగలు పోగొట్టుకున్నది రాత్రి వసూలు చేస్తున్నాను.

ఉన్నట్టుండి రోజుకి రెండు మూడు నిమిషాలు ముందుకి పోతోందంటే అది వేరే జబ్బు, అయస్కాంతం పట్టింది. ఫోను కవరు మూత, స్పీకరు, ట్యాబ్లెట్ కవరు, వీటి పక్కన పెట్టి ఉంటారు. ఫోనులో దిక్సూచి తెరిచి వాచీ దగ్గరికి తెస్తే ముల్లు వాచీతోపాటు కదులుతుంది. అయస్కాంతం వదిలించే చిన్న యంత్రం వాచీ రిపేరు చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది, అర నిమిషం పని. తెలియక కొంతమంది దీనికి సర్వీసింగ్ డబ్బులు కడతారు.

షాపులో చేతికిచ్చాక ఏం చూడాలి?

అసలు రాయాలనుకున్నది ఇదే, మిగతావన్నీ దీని చుట్టూ. ఇంటర్నెట్‌లో రాసిన లక్షణాల పట్టీ ఈ ధరలో అన్నిటికీ ఒకేలా ఉంటుంది: 200 మీటర్లు, స్టీలు, 41 గంటలు. తేడా అంతా వేళ్ళకి తెలుస్తుంది.

బెజెల్‌తో మొదలుపెట్టండి. బొటనవేలు, చూపుడువేలు ఎదురెదురుగా పెట్టి అపసవ్యంగా తిప్పండి. ఒకవైపే తిరగాలి. దానికి కారణం ఉంది. నీళ్ళలోకి దిగేముందు త్రిభుజం గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెడతారు, తర్వాత ముల్లు బెజెల్ మీద ఎంత చూపిస్తే అన్ని నిమిషాలు గడిచినట్టు. పొరపాటున రాయి తగిలి కదిలినా, ఒకవైపే తిరుగుతుంది కాబట్టి గడిచిన టైము ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. మనిషి తొందరగా పైకొస్తాడు, బతుకుతాడు. ఈ ధర వాచీలో బెజెల్ రెండువైపులా తిరిగితే దాన్ని డైవ్‌కి నమ్మకండి.

చాలావాటిలో చుట్టుకి 120 క్లిక్కులు ఉంటాయి. ప్రతి క్లిక్కు విడివిడిగా తగలాలి, మెత్తగా జారకూడదు. ఆపాక వెనక్కి లాగి చూడండి, వెంట్రుకవాసి ఆట ఉంటే సరే, అర నిమిషం గుర్తు అంత ఊగితే వద్దు. ఇప్పుడు త్రిభుజాన్ని 12కి తెచ్చి కళ్ళకి తిన్నగా పట్టుకుని చూడండి. డయల్ మీది గుర్తు, దాని చుట్టూ ఉండే నిమిషాల రింగు, బెజెల్ త్రిభుజం, మూడూ ఒక గీతలో ఉండాలి. ఈ ధర వాచీల్లో నూటికి నూరుపాళ్ళు కుదరడం అదృష్టం. నేను కొన్న మొదటి డైవర్‌లో త్రిభుజం అర క్లిక్కు కుడివైపుకి ఉండేది. ఏ కంపెనీదో అనవసరం. డబ్బాలోంచి తీసిన రోజు నాకు కనబడలేదు, మూడో రోజు బస్సులో కనబడింది, ఆ తర్వాత నాలుగేళ్ళూ అది తప్ప ఇంకేం కనబడలేదు. అందుకే చెప్తున్నాను, షాపులోనే చూడండి, మొహమాటపడకుండా ఇంకో పీసు అడగండి.

తర్వాత కీ. అపసవ్యంగా విప్పితే చివర్లో టక్కున పైకి లేవాలి. టైము పెట్టే మెట్టు దాకా లాగి చూడండి, సెకన్ల ముల్లు ఆగాలి (ఎన్‌హెచ్35, 4ఆర్36లలో ఆగుతుంది). తిరిగి బిగించేటప్పుడు ముందు కొంచెం వెనక్కి తిప్పండి, మరలు ఒకదాంట్లో ఒకటి కూర్చున్న చిన్న చప్పుడు వినబడ్డాక ముందుకి తిప్పండి. ఊరగాయ జాడీ మూత పెట్టినట్టే. వంకరగా ఎక్కించి బలం ఉపయోగిస్తే మర అరిగిపోతుంది, అప్పుడు ఆ 200 మీటర్లు పోయినట్టే. షాపతను మీ ముందే వంకరగా బిగిస్తే ఆ పీసు తీసుకోకండి.

చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపండి. మియోటా ఇంజన్ అయితే, అంటే సిటిజన్ వాళ్ళది, లోపలి బరువు ఒకవైపు తిరిగినప్పుడే స్ప్రింగుని చుడుతుంది, ఇంకోవైపు గిర్రున ఖాళీగా తిరుగుతుంది, ఆ గరగర చేతికి కూడా తెలుస్తుంది. అది లోపం కాదు, దాని స్వభావం. సీకో, ఓరియంట్‌లలో రెండువైపులా చుడుతుంది, చప్పుడు తక్కువ.

ఫోను కెమెరా జూమ్ చేసి డయల్ చూడండి. అద్దం కింద నలుసు, ముల్లు మీద గీత, మెరిసే పూత అంచు దాటడం, ఇవి కంటికంటే కెమెరాకి బాగా దొరుకుతాయి.

రేడియం ఉంటుంది కదా, ప్రమాదం కాదా?

మనకి చీకట్లో మెరిసే ప్రతిదీ రేడియమే, బండి నంబరు ప్లేటు స్టిక్కరుతో సహా. నిజమైన రేడియం వాచీల్లో వాడటం ఏనాడో పోయింది. ఇప్పుడున్నది స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పూత, జపాన్‌లో నెమోటో కంపెనీ 1993లో తెచ్చింది. వెలుగు తాగి, చీకట్లో వదులుతుంది, రేడియోధార్మికత ఏమీ లేదు. సీకో తన పూతని లూమిబ్రైట్ అంటుంది.

షాపులో అరచేతులు డొప్పలా మూసి చూస్తే అన్నీ మెరుస్తాయి, అది పరీక్ష కాదు. ట్యూబులైటు కింద పది నిమిషాలు ఉంచి, రాత్రి పక్కన పెట్టుకుని పడుకోండి, తెల్లారుజామున 4కి మెలకువ వస్తే చూడండి. అప్పుడు టైము పోల్చుకోగలిగితే మంచి పూత.

అద్దం ఏది మంచిది?

సఫైర్. కాఠిన్యం మోస్ కొలతలో 9, వజ్రం తర్వాతిది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. అంటే ఇసుక మామూలు అద్దాన్ని గీస్తుంది గానీ సఫైర్‌ని గీయలేదు. సీకో తక్కువ ధర వాచీల్లో పెట్టే హార్డ్‌లెక్స్ గట్టిపరిచిన మినరల్ అద్దం, గీతలు పడతాయి కానీ దెబ్బ తగిలితే సఫైర్ అంత సులువుగా పగలదు. రోజూ ఆఫీసుకి, బండి మీద తిరిగేవాళ్ళకి సఫైర్ మేలు. గోడకి రాసుకున్న గీతే ఎక్కువమందికి పడుతుంది, వాచీ కింద పడటం అరుదు.

42 మి.మీ. నా చేతికి పెద్దదవుతుందా?

ఆ అంకె చూసి నిర్ణయించకండి. దారం తీసుకుని మణికట్టు చుట్టూ కొలవండి, దానికంటే ముఖ్యంగా మణికట్టు పైభాగం చదునుగా ఎంత వెడల్పు ఉందో స్కేలుతో కొలవండి. వాచీలో చూడాల్సింది పైనున్న కొమ్ము (బెల్టు తగిలించే కొన) నుంచి కింది కొమ్ము దాకా ఉన్న పొడవు. అది మీ చదును కంటే తక్కువుంటే సరిపోతుంది. సీకో ఎస్‌కేఎక్స్007 వెడల్పు 42.5 మి.మీ. అయినా కొమ్ము నుంచి కొమ్ముకి 46 మాత్రమే, అందుకే సన్నచేతుల వాళ్ళకి కూడా కూర్చునేది. మందం కూడా చూడండి, 13 మి.మీ. దాటితే ఫుల్ చేతుల చొక్కా గుండీ పెట్టుకోవడం రోజూ ఒక యుద్ధం.

స్టీలు చైను కొనాలా, బెల్టా?

చైను ఉన్న మోడల్ కొనండి, తర్వాత బెల్టు మార్చుకోండి, ఎందుకంటే చైను విడిగా కొంటే ఖరీదు. ఈ ధరలో చైను చాలావరకు రేకులా ఉంటుంది, చేతి వెంట్రుకలు పీకుతుంది. మన ఎండాకాలంలో తోలు బెల్టు దండగ, నెలలో వాసన. నైలాన్ బెల్టు వేసి వారానికోసారి సబ్బుతో ఉతుక్కోండి. కొమ్ముల మధ్య 22 మి.మీ. ఉంటే బెల్టులు ఎక్కడైనా దొరుకుతాయి.

ఒక్క పేరు చెప్పు, మిగతా సోది వద్దు.

ఓరియంట్ కమాసు. 41.8 మి.మీ., సఫైర్ అద్దం, స్క్రూ కీ, 200 మీటర్లు, చేత్తో కీ ఇవ్వొచ్చు, ముల్లు ఆగుతుంది, తేదీతోపాటు వారం కూడా చూపిస్తుంది. డయల్ మీద "డైవర్స్" అన్న మాట లేదు, చైను గొప్పగా ఉండదు. ఈ రెండూ తెలిసి కూడా మా బావమరిదికి ఇదే కొనిపించాను.

నిజంగా సముద్రంలో దిగే పని ఉంటే సిటిజన్ ప్రొమాస్టర్ ఎన్‌వై0040 చూడండి. "డైవర్స్ 200ఎం" అని రాసి ఉన్న అసలు సిసలు పనిముట్టు. కీ 8 గంటల దగ్గర ఉంటుంది, చెయ్యి వెనక్కి వంచితే గుచ్చుకోదు. చూడటానికి కాస్త మొరటు, అద్దం మినరల్. నాకు ఆ మొరటుతనమే నచ్చుతుంది.

సీకో 5 స్పోర్ట్స్ చాలా అందంగా ఉంటుంది, కానీ 2019లో వచ్చిన ఎస్‌ఆర్‌పీడీ మోడళ్ళు 100 మీటర్లవి, కీ స్క్రూతో బిగించేది కాదు. డైవర్ వేషం వేసిన మామూలు వాచీ అనుకోండి. 1996 నుంచి 2019 దాకా నడిచిన ఎస్‌కేఎక్స్007 నిజమైన డైవర్, దాని రూపమే దీనికి ఇచ్చారు. పేరు చూసి రెండూ ఒకటే అనుకుని కొన్నవాళ్ళు నాకే ముగ్గురు తెలుసు.

ఇన్‌విక్టా ప్రో డైవర్ 8926 చవక, లోపల ఎన్‌హెచ్35, 200 మీటర్లు. కాకపోతే సబ్‌మెరైనర్‌కి జిరాక్స్ కాపీ, పైగా పక్కన ఒంటి మీద పేరు పెద్దక్షరాల్లో చెక్కి ఉంటుంది. మీకు పర్వాలేకపోతే డబ్బుకి విలువే.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

కొనొచ్చు, కానీ ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి రంగురంగుల డయల్‌తో తళతళలాడుతున్న "పాత సీకో" కనబడితే ఆగండి. ప్రపంచమంతా వాటిని ముంబై స్పెషల్ అని పిలుస్తారు, మన దేశం పేరు అలా నిలబెట్టాం. పాత వాచీ డయల్‌కి కొత్త రంగు వేసి, అక్షరాలు అచ్చు కొట్టి, ఎక్కడివో ముళ్ళు పెట్టి అమ్ముతారు. అచ్చు మందంగా, అలుక్కుపోయినట్టు ఉండటం, ఆ మోడల్‌కి ఎప్పుడూ రాని రంగు ఉండటం, ఇవి గుర్తులు. వాటిని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళే మాటే లేదు.

నిజమైన పాత డైవర్ దొరికితే వెనక మూత తీయించి లోపలి ఫొటో అడగండి. మూత అంచులో తుప్పు ఉంటే బేరం ఆడకుండా వదిలేయండి.

అమెరికాలో ఉన్న చుట్టాలతో తెప్పించుకుంటే చవక కదా?

ఒక్కోసారి, సేల్ టైములో, నిజమే. పార్సిల్‌లో వస్తే కస్టమ్స్, జీఎస్టీ కలిపి ఆ లాభం పోతుంది. ఎవరైనా తెచ్చినా ఇక్కడ గ్యారంటీ చెల్లుతుందో లేదో కార్డు చదివి చూసుకోండి. పైన చెప్పిన బెజెల్ పరీక్ష మీ తరఫున డాలస్‌లో మీ వదిన చేయదు, అది కూడా లెక్కలో వేసుకోండి.

అద్దం లోపల ఆవిరి పట్టింది. బియ్యం డబ్బాలో పెట్టనా?

బియ్యం వండుకోండి. నాకు జరిగింది చెప్తాను. టైము సరిచేయించడానికి బజారులో ఒకతనికి ఇచ్చాను, పది నిమిషాల్లో మూత తెరిచి, సరిచేసి, మూసి ఇచ్చేశాడు, వంద రూపాయలు. ఆదివారం ఋషికొండలో దిగాను. మోకాళ్ళ లోతే. ఒడ్డుకొచ్చి టీ తాగుతూ చూస్తే 6 అంకె దగ్గర అద్దం కింద గోరంత పొగ. అరగంటకి అది డయల్ సగం దాకా పాకింది. తర్వాత మూత తీసి చూస్తే రబ్బరు రింగు ఒకచోట గాడిలో కూర్చోకుండా మూతకీ ఒంటికీ మధ్య నలిగి, తెగిపోయి ఉంది.

ఉప్పు నీళ్ళు లోపలికి వెళ్తే గంటల లెక్క, రోజుల లెక్క కాదు. కీ విప్పి ఉంచండి, ఎండలో పెట్టకండి, అదే రోజు మూత తీయగలిగినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. నేను సోమవారం దాకా ఆగాను, స్ప్రింగు మీద ఎర్ర చుక్కలు వచ్చేశాయి.

మూత ఒకసారి తెరిచిన వాచీని ప్రెజర్ పరీక్ష చేయించకుండా నీళ్ళలో దించకూడదు. రింగు మార్చారా, సిలికాన్ గ్రీజు రాశారా, గాలి ప్రెజర్‌తో చూసే యంత్రం ఉందా, ఈ మూడూ ముందే అడగండి. "ఏం కాదు సార్, వాటర్‌ప్రూఫే" అంటే అది జవాబు కాదు.

ఐఎస్‌ఓ వాళ్ళ పద్ధతి ఒకటి ఉంది: వాచీని 40, 45 డిగ్రీల పలక మీద వేడెక్కనిచ్చి, అద్దం మీద చల్లని నీటిచుక్క వేసి, నిమిషం తర్వాత తుడిచి చూస్తారు. చుక్క పడిన చోట లోపల ఆవిరి కనబడితే తేమ ఉన్నట్టు. ఇంట్లో కూడా చెయ్యి వేడికి వాచీని వెచ్చబరిచి చుక్క వేసి చూడొచ్చు, అది కచ్చితమైన పరీక్ష కాదు గానీ అనుమానం తీరుతుంది.

స్మార్ట్ వాచీ ఉండగా ఇదెందుకు?

అవసరం లేదు. డైవింగ్ చేసేవాళ్ళు కూడా ఇప్పుడు డైవ్ కంప్యూటర్ కట్టుకుంటారు, ఇది మహా అయితే తోడుకి. నేను బెజెల్‌ని వాడేది కుక్కర్ విజిల్ వచ్చాక సిమ్‌లో పది నిమిషాలు లెక్కపెట్టడానికి, పార్కింగ్ చీటీకి, మా అబ్బాయి "ఇంకో పదిహేను నిమిషాలే" అని ఫోను అడిగినప్పుడు వాడి ముందే త్రిభుజం తిప్పి చూపించడానికి.

ఎన్నేళ్ళకోసారి సర్వీసింగ్? ఎంతవుతుంది?

ఐదారేళ్ళకి ఒకసారి నూనెలు మార్చాలంటారు. ఈ ధర వాచీల్లో నిజం ఏంటంటే, ఎన్‌హెచ్35 లాంటి ఇంజన్ పూర్తిగా విప్పి శుభ్రం చేయించే కూలికి కొత్త ఇంజనే వచ్చేస్తుంది, చాలామంది మెకానిక్కులు మార్చేయమనే చెప్తారు. సరే అనండి. ఆగిపోయేదాకా, లేదా రోజుకి నిమిషాల్లో తేడా వచ్చేదాకా లోపలి జోలికి వెళ్ళకండి. కానీ నీళ్ళలో వాడేవాళ్ళు రబ్బరు రింగులు మాత్రం రెండు మూడేళ్ళకోసారి మార్పించండి. ఇంజన్ ఖరీదు ముందు ఆ రింగుల ఖరీదు ఏ మూలకీ రాదు. మార్చిన పాతవి అడిగి తీసుకుని వేళ్ళ మధ్య వంచి చూడండి. మెత్తగా వంగితే ముందే మార్పించారు, విరిగితే అదృష్టవంతులు.